అప్పు వేషం కట్టిన జీతం

1930ల ఇంగ్లండ్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ దగ్గర ఒక తోటమాలి ఉండేవాడు. వారం వారం కూలి తీసుకునేవాడు. డ్యూక్ ఆ దేశంలోని మహా సంపన్నుల్లో ఒకడు. అలాంటివాళ్ల మీద మామూలు ఆదాయపు పన్నుకు తోడు సర్‌ట్యాక్స్ కూడా పడేది. ఇంటి పనివాళ్లకిచ్చే జీతాలను ఆ పన్ను లెక్కలోంచి తీసేయడానికి వీల్లేదు. ఏటా ఇంత ఇస్తానని దస్తావేజు రాసిచ్చిన సొమ్మునైతే తీసేయొచ్చు. ఈ తేడా డ్యూక్ గారి వకీళ్ల కంట పడింది. ఏడేళ్లపాటు ఇంత ఇస్తాం, నువ్వు పనిలో ఉన్నా లేకపోయినా ఇస్తాం అని తోటమాలికి పత్రం రాసిచ్చారు. ఇది ఇస్తున్నాం గనక మామూలు కూలి పూర్తిగా అడగవని అనుకుంటున్నాం అంటూ విడిగా ఒక ఉత్తరం కూడా పంపారు. తోటమాలి అదే తోటలో అవే మొక్కలకు నీళ్లు పోశాడు. అంతే డబ్బు తీసుకున్నాడు. కాగితం మీద మాత్రం అది కూలి కాకుండా పోయింది.

పన్ను శాఖ ఒప్పుకోలేదు. కేసు అప్పట్లో అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1935లో అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు డ్యూక్ పక్షాన తీర్పిచ్చారు. కాగితం మీద ఉన్నదే చట్టానికి లెక్క, చట్టం గీసిన గీత లోపల ఉండి పన్ను తగ్గించుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందన్నారు. లార్డ్ అట్కిన్ ఒక్కడే కాదన్నాడు.

బ్రిటన్‌లో ఈరోజు ‘లోన్ చార్జ్’ అనే పేరుతో వేలాది కుటుంబాలను వెంటాడుతున్న పన్నుకు ముత్తాత ఎవరని అడిగితే నేను ఈ తీర్పునే చూపిస్తాను. జీతానికి వేరే పేరు పెట్టి పన్ను తప్పించుకోవడమనే విద్యకు కోర్టు ముద్ర పడింది ఇక్కడే. ఒక్క తేడా ఉంది. ఆనాడు ఎత్తు వేసినవాడు యజమాని, లాభపడినవాడూ యజమానే. ఓడితే బిల్లు కట్టాల్సినవాడు కూడా అతనే. తోటమాలి జోలికి ఎవరూ పోలేదు. ఎనభై ఏళ్లు తిరిగేసరికి బిల్లు తోటమాలి ఇంటికి వెళ్లింది. అలా ఎలా జరిగిందన్నదే ఈ కథ.

1944లో బ్రిటన్ ‘పే యాజ్ యు ఎర్న్’ పద్ధతి తెచ్చింది. మన టీడీఎస్ లాంటిదే. జీతం చేతికి రాకముందే యజమాని పన్ను కోసి ఖజానాకు కట్టాలి. పన్ను వసూలు చేసే బాధ్యత, వసూలు చేయకపోతే జవాబు చెప్పే బాధ్యత రెండూ యజమానివే. ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు జీతం రకరకాల వేషాలు కట్టింది. లండన్ సిటీ సంస్థలు బోనస్‌లను బంగారు కడ్డీలుగా ఇచ్చాయి. అది మూసేస్తే ఖరీదైన వైన్, తూర్పు దేశాల తివాచీలు, ప్లాటినం. ఉద్యోగి వాటిని అందుకుని కాసేపట్లో అమ్ముకుని డబ్బు చేసుకునేవాడు. నగదుగా ఇస్తే కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రతా చందా మిగిలిపోయేది. ఒక సందు మూస్తే ఇంకో సందు. 1981లో రామ్సే కేసులో న్యాయమూర్తి లార్డ్ విల్బర్‌ఫోర్స్ కొత్త దారి తీశాడు. పన్ను తప్పించుకోవడం తప్ప మరో పని లేని లావాదేవీల గొలుసును విడివిడిగా కాక మొత్తంగా చూడాలన్నాడు. డ్యూక్ తీర్పు చచ్చిపోలేదు గానీ దాని మీద నీడ పడింది.

చివరికి 2004 డిసెంబర్ 2న ట్రెజరీ మంత్రి డాన్ ప్రిమరోలో పార్లమెంటుకు ఒక హెచ్చరిక చేసింది. ఇకపై ఉద్యోగ ప్రతిఫలం మీద ఎవరు ఏ కొత్త ఎత్తు వేసినా, చట్టం ఎప్పుడు తెచ్చినా, అవసరమైతే ఈ తేదీ నుంచే వర్తింపజేస్తామని. ముందే చెప్పి వెనక్కి వేసే పన్ను అది. దానిలో ఒక మర్యాద ఉంది. ఫలానా రోజు నుంచి అని అందరికీ వినపడేలా దండోరా వేశారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ మర్యాద పాటించలేదు.

ఇక కాంట్రాక్టర్ల సంగతి. కాంట్రాక్టర్ అనగానే మనకు రోడ్లు, కల్వర్టులు, మంజూరు కాని బిల్లులు గుర్తుకొస్తాయి. బ్రిటన్‌లో ఈ కథలోని కాంట్రాక్టర్ ఎక్కువగా ప్రోగ్రామర్. ఆరు నెలలు ఒక బ్యాంకులో, ఏడాది ఒక టెలికాం కంపెనీలో, రోజుకింత అని మాట్లాడుకుని పనిచేసేవాడు. అతనితోపాటు కొందరు నర్సులు, సోషల్ వర్కర్లు, ఒకరి బదులు తాత్కాలికంగా పనిచేసే డాక్టర్లు, టీచర్లు కూడా ఉన్నారు. 1990లలో వీళ్లలో చాలామంది తమ పేరున చిన్న లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని దాని ద్వారా బిల్లు వేసేవారు. ఉద్యోగిని పెట్టుకుంటే వచ్చే సెలవులు, పెన్షన్, చందాల బరువు ఉండదు కాబట్టి పెద్ద కంపెనీలకు ఇది హాయి. కాంట్రాక్టర్లకు పన్ను కొంచెం తగ్గుతుంది. అందరూ సుఖంగా ఉన్నారు, ఖజానా తప్ప.

1999 మార్చి 9న ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ బడ్జెట్ పెట్టిన రోజు పన్ను శాఖ విడుదల చేసిన పత్రికా ప్రకటనల్లో 35వ నంబరుది ఈ ఏర్పాటు మీద ఎక్కుపెట్టింది. ఆ నంబరే చట్టానికి వాడుక పేరైపోయింది: ఐఆర్ 35. మధ్యలో కంపెనీ లేదనుకుంటే నువ్వు ఉద్యోగివే అని తేలితే ఉద్యోగిలాగే పన్ను కట్టాలి. 2000 ఏప్రిల్ నుంచి అమలు. వినడానికి న్యాయమే. కానీ తేల్చేదెలా? నిన్ను అజమాయిషీ చేసేదెవరు, నీ బదులు ఇంకొకరిని పంపగలవా, రేపు పని ఇచ్చి తీరాలన్న బాధ్యత వాళ్లకుందా, ఇలాంటి ప్రశ్నల మీద పాత తీర్పులన్నీ తిరగేయాలి. ఒకే కాంట్రాక్టును ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చదివారు. తేల్చుకునే భారం ఆనాడు కాంట్రాక్టర్ నెత్తినే ఉంది. తప్పు తేల్చుకుంటే ఏళ్ల తర్వాత పన్నూ, వడ్డీ, జరిమానా.

భయం ఉన్నచోట వ్యాపారం పుడుతుంది. మీరు కంపెనీ నడపనక్కర్లేదు, ఐఆర్ 35 గొడవ అసలే ఉండదు, మిమ్మల్ని ఉద్యోగిగా పెట్టుకునే మా అంబ్రెల్లా కంపెనీలో చేరండి, అంతా మేం చూసుకుంటాం అంటూ కొత్త సంస్థలు వెలిశాయి. అన్నీ మోసం కాదు. సక్రమంగా పన్ను కోసి జీతమిచ్చే అంబ్రెల్లాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. కానీ వాటి పక్కనే, అదే భాషలో, అలాంటి బ్రోషర్లతోనే మరికొన్ని సంస్థలు బిల్లు మొత్తంలో ఎనభై శాతానికి పైగా మీ చేతికే అన్నాయి. సక్రమంగా పన్ను కోస్తే మంచి రేటున్న ప్రోగ్రామర్‌కు అంత మిగలదు.

వాటి కిటుకు ఇది. కాంట్రాక్టర్ రోజుకు 400 పౌండ్ల లెక్కన నెలకు ఎనిమిది వేల పౌండ్ల పని చేశాడనుకుందాం. ఆ డబ్బు పని ఇప్పించిన రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ నుంచి స్కీమ్ నడిపే సంస్థకు వెళుతుంది. ఆ సంస్థ తన ఫీజు ఓ 1,200 తీసుకుంటుంది. అతనికి వెయ్యి పౌండ్ల జీతమిస్తుంది. కనీస వేతనం చుట్టుపక్కల ఉండే ఈ జీతం మీద నామమాత్రపు పన్ను సక్రమంగానే కోస్తుంది. మిగిలిన 5,800 పన్నులు తక్కువగా ఉండే జెర్సీ దీవిలోనో ఐల్ ఆఫ్ మ్యాన్‌లోనో ఉన్న ఒక ట్రస్టుకు వెళుతుంది. ఆ ట్రస్టు ఆ 5,800ని కాంట్రాక్టర్‌కు అప్పుగా ఇస్తుంది. అప్పు ఆదాయం కాదు కాబట్టి పన్ను లేదు. తీర్చాల్సిన గడువు ఎక్కడో ఏళ్ల అవతల ఉంటుంది. ఎవరూ అడగరని అమ్మేవాడు కన్ను గీటి చెబుతాడు. కాగితం మీద మాత్రం రాయడు.

వడ్డీ లేని అప్పు ఒక సదుపాయం గనక దాని విలువ మీద చిన్న పన్ను పడుతుంది. చాలామంది దాన్ని ఏటా రిటర్న్‌లో చూపించి కట్టారు కూడా. అదే వాళ్లను మరింత నమ్మించింది. 2004 ఫైనాన్స్ చట్టం ప్రకారం ఇలాంటి స్కీమ్‌లను పన్ను శాఖకు ముందుగా తెలియజేస్తే శాఖ ఒక రిఫరెన్స్ నంబరు ఇచ్చేది. మీ మీద కన్నేశామని దాని అర్థం. అమ్మేవాళ్లు మాత్రం దాన్నే ఆమోద ముద్రలా చూపించారు. పైన క్వీన్స్ కౌన్సెల్ హోదా ఉన్న సీనియర్ న్యాయవాది అభిప్రాయం మా దగ్గరుందన్న మాట ఒకటి. కొన్ని రిక్రూట్‌మెంట్ ఏజెన్సీలు ఫలానా అంబ్రెల్లాలో చేరితేనే కాంట్రాక్ట్ అన్నాయి.

అందులో చేరినవాళ్లందరూ పసిపాపలని నేననను. పక్క సీట్లో అదే పని చేసే పర్మనెంట్ ఉద్యోగి నలభై శాతం శ్లాబులో పన్ను కడుతుంటే తనకెందుకు అంత తక్కువ పడుతోందన్న ప్రశ్న లెక్కలొచ్చిన మనిషికి తట్టకుండా ఉండదు. కొందరికి తట్టింది, పక్కన పెట్టారు. కొందరు అకౌంటెంట్‌ను అడిగారు, ఫరవాలేదన్నాడు. నర్సుగానో సోషల్ వర్కర్‌గానో ఏజెన్సీ చెప్పినచోట సంతకం పెట్టినవాళ్లకు ట్రస్టంటే ఏమిటో కూడా తెలియదు. వీళ్లందరినీ తర్వాత ఒకే గాటన కట్టారు.

వెనక్కి తిరిగి పన్ను వేసే అలవాటుకు ఇంకో శాఖ ఉంది, అదీ కాంట్రాక్టర్ల మీదుగానే నడిచింది. 1987లో జెర్సీ భాగస్వామ్య సంస్థలో వాటా ఉన్న ప్యాడ్‌మోర్ అనే వ్యక్తి, రెండు ప్రాంతాల మధ్య పన్ను ఒప్పందం ప్రకారం తన వాటాకు బ్రిటన్‌లో పన్ను లేదని కోర్టులో గెలిచాడు. ప్రభుత్వం వెంటనే చట్టం మార్చి ఆ దారి మూసేసింది. మూసింది గానీ చిన్న సందు మిగిలింది. 2000ల మొదట్లో కొందరు దాన్ని పట్టుకుని ఐల్ ఆఫ్ మ్యాన్ ట్రస్టులతో కాంట్రాక్టర్లకు స్కీమ్‌లు అమ్మారు. 2008 ఫైనాన్స్ చట్టం 58వ సెక్షన్‌తో ప్రభుత్వం ఒక వింత చేసింది. 1987 చట్టం అర్థం మొదటి నుంచీ ఇదే అని 2008లో ప్రకటించింది. అంతే, పాత సంవత్సరాలన్నిటికీ బిల్లులొచ్చాయి. కాంట్రాక్టర్లు మానవ హక్కుల చట్టం కింద పోరాడి 2011లో అప్పీల్ కోర్టులో ఓడిపోయారు. ఖజానాకు అదొక పాఠం. వెనక్కి వేసినా కోర్టు ఊరుకుంటుంది.

మనవాళ్లకు ఈ మాటలు కొత్త కాదు. వోడాఫోన్ పన్ను కేసులో 2012 జనవరిలో మన సుప్రీంకోర్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పిస్తే, కొన్ని నెలల్లోనే ప్రణబ్ ముఖర్జీ బడ్జెట్ 1962 నుంచి వర్తించేలా చట్టాన్ని సవరించింది. తర్వాత వోడాఫోన్, అలాంటి డిమాండే ఎదుర్కొన్న కెయిర్న్ కంపెనీ అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో గెలిచాయి. 2021 ఆగస్టులో పార్లమెంటు ఆ సవరణ కింద వేసిన డిమాండ్లను రద్దు చేసింది. వోడాఫోన్‌కు మధ్యవర్తిత్వం కోసం హేగ్ దాకా వెళ్లే స్తోమత ఉంది. లండన్ శివార్లలో ఇంటి లోన్ కడుతున్న ప్రోగ్రామర్‌కు అదెక్కడిది?

2010 డిసెంబర్ 9న ప్రభుత్వం అప్పుల స్కీమ్‌ల మీద ముసాయిదా చట్టం ప్రకటించింది. యజమాని తరఫున మూడో మనిషి ఉద్యోగికి అప్పిచ్చినా అది జీతమే అంది. 2011 ఏప్రిల్ నుంచి పూర్తిగా అమలైంది. ఇక్కడితో కథ ముగియాలి. ముగియలేదు. అమ్మేవాళ్లు కాగితాలు మార్చి, కొత్త పేర్లతో, ఈసారి చట్టానికి దొరకదంటూ అమ్ముతూనే పోయారు.

ఇంతలో స్కాట్లండ్‌లో ఫుట్‌బాల్ రంగంలోకి దిగింది. గ్లాస్గో రేంజర్స్ క్లబ్ 2001 నుంచి 2010 దాకా ఆటగాళ్లకూ అధికారులకూ జీతంలో కొంత భాగాన్ని ట్రస్టు ద్వారా అప్పులుగా ఇచ్చింది. పన్ను శాఖ కేసు పెట్టింది. 2012లో మొదటి ట్రైబ్యునల్ మెజారిటీ తీర్పు అవి నిజంగా అప్పులేనంది. 2014లో పై ట్రైబ్యునల్ కూడా చాలావరకు అదే మాట మీద నిలిచింది. 2015 నవంబర్‌లో స్కాట్లండ్ అత్యున్నత సివిల్ కోర్టు అయిన కోర్ట్ ఆఫ్ సెషన్ తిరగరాసింది. 2017 జూలై 5న బ్రిటన్ సుప్రీంకోర్టు తుది తీర్పిచ్చింది, దాన్ని రాసింది లార్డ్ హాడ్జ్. పని చేసినందుకు ఇచ్చే డబ్బు జీతమే. అది నేరుగా ఉద్యోగి చేతికి పోయిందా, అతని కోసం ఇంకొకరికి పోయిందా అన్నది అనవసరం. ఆ డబ్బు ట్రస్టుకు వెళ్లిన క్షణంలోనే యజమాని పన్ను కోసి కట్టి ఉండాల్సింది.

అంటే, జీతం ఏమిటో తేల్చడానికి పన్ను చట్టాలే జీవితంగా బతికిన జడ్జీలకు ఏళ్లు పట్టింది. రెండుసార్లు తప్పు అని తేలింది కూడా. అదే ప్రశ్నకు 2003లో ఒక కాంట్రాక్టర్ సరైన జవాబు తెలుసుకుని ఉండాల్సిందని ప్రభుత్వం వాదించింది. రెండో విషయం ఇంకా ముఖ్యం. కోర్టు వేలు చూపించింది యజమాని వైపు. రేంజర్స్ కంపెనీ 2012లోనే దివాలా తీసింది, కొత్త కంపెనీ కింద క్లబ్ నాలుగో డివిజన్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. దివాలా తీసిన యజమాని దగ్గర, జెర్సీలో తలుపులు మూసుకున్న యజమాని దగ్గర పన్ను వసూలు కాదు. వసూలయ్యే మనిషి ఒక్కడే మిగిలాడు, పని చేసినవాడు. అతని చిరునామా పన్ను శాఖ దగ్గర ఎప్పుడూ ఉంది.

సుప్రీంకోర్టు తీర్పు కోసం ప్రభుత్వం ఆగలేదు. 2016 మార్చి బడ్జెట్‌లోనే ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ లోన్ చార్జ్ ప్రకటించాడు. 2017 నవంబర్‌లో అది చట్టమైంది. 1999 ఏప్రిల్ 6 తర్వాత తీసుకుని 2019 ఏప్రిల్ 5 నాటికి తీరకుండా ఉన్న ప్రతి అప్పునూ ఆ ఒక్క ఏడాది, అంటే 2018-19 ఆదాయంగా లెక్కిస్తారు. ఇరవై ఏళ్ల డబ్బు ఒక్క ఏడాదిలో. యజమాని కట్టకపోతే ఉద్యోగే కట్టాలి. దాదాపు 50 వేల మంది మీద దీని ప్రభావం ఉంటుందని, 320 కోట్ల పౌండ్లు వస్తాయని ప్రభుత్వ అంచనా.

ఇందాకటి నెలకు 5,800 అప్పు లెక్కనే తీసుకుందాం. అయిదేళ్లకు 3 లక్షల 48 వేలు. ఆ ఏడాది మరో ఆదాయమేమీ లేకపోయినా, అంతా ఒకేసారి కలిపితే 2018-19 రేట్ల ప్రకారం పన్ను సుమారు లక్షా 42 వేల పౌండ్లు. అదే అయిదేళ్ల మీద సమంగా పరిస్తే, చిన్న జీతాన్ని కలుపుకున్నా, అవే రేట్లకు లక్షా 5 వేల దగ్గర ఆగుతుంది. మిగతా 37 వేలు కేవలం అన్ని సంవత్సరాలను ఒకదాని మీద ఒకటి పేర్చినందుకు. స్కీమ్ నడిపిన సంస్థ, అంటే ప్రమోటర్, నెల నెలా కోసుకున్న ఫీజు ఎటూ పోయింది.

ఇది వెనక్కి వేసిన పన్నా కాదా అన్నదాని మీద అక్కడ పెద్ద వాదమే నడిచింది. కాదంటుంది ప్రభుత్వం. పన్ను పడేది 2019లో తీరకుండా ఉన్న అప్పు మీద, చట్టం చేసింది 2017లో, మూడేళ్లు ముందే చెప్పాం, తీర్చేసి బయటపడొచ్చుగా అని. తర్కం బాగానే ఉంది, ఒకప్పుడు డ్యూక్ వకీళ్ల తర్కమూ ఇంతే బాగుంది. అసలు సంగతి గడువుల్లో ఉంది. బ్రిటన్‌లో పన్ను శాఖ పాత రిటర్న్‌ను తెరవడానికి మామూలుగా నాలుగేళ్లు, అజాగ్రత్త ఉంటే ఆరు, కావాలని దాచారని రుజువు చేస్తే ఇరవై ఏళ్ల గడువు. చాలామంది రిటర్న్‌లో అన్నీ చూపించారు. శాఖ చూసీ ఊరుకుంది, గడువు దాటిపోయింది. మూసిన ఆ తలుపులన్నీ తెరవకుండానే, లోన్ చార్జ్ గోడకు కన్నం పెట్టి లోపలికి వెళ్లింది. 2018 డిసెంబర్‌లో పార్లమెంటు ఎగువ సభ లార్డ్స్‌లోని ఆర్థిక వ్యవహారాల కమిటీ ఈ పద్ధతిని గట్టిగానే తప్పుపట్టి, అలా వివరాలిచ్చిన, మూసిపోయిన సంవత్సరాలను వదిలేయమంది. ప్రభుత్వం వినలేదు.

ఇందులో మనవాళ్లు కూడా ఉన్నారు. 2002లో మొదలైన హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ ప్రోగ్రామ్, 2008 నుంచి దాని స్థానంలో వచ్చిన టైర్ 1 జనరల్ వీసా తీసుకుని హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ ఎందరో ఇంజినీర్లు లండన్, రెడింగ్ చేరారు. కంపెనీ స్పాన్సర్ అక్కర్లేని వీసా కాబట్టి నేరుగా కాంట్రాక్టుల్లో దిగారు. కొత్త దేశం, కొత్త పన్ను పద్ధతి, ముందొచ్చిన స్నేహితుడు చూపించిన అంబ్రెల్లా. దీనికి తోడు 2010ల చివరలో హోం ఆఫీస్ పన్ను రికార్డులకూ వీసా దరఖాస్తులో చూపిన ఆదాయానికీ తేడా ఉందంటూ శాశ్వత నివాసం నిరాకరించడం మొదలుపెట్టింది. అది వేరే వ్యవహారం గానీ భయం ఒకటే. పాత రిటర్న్ ఏ రోజు లేచి ఏం చేస్తుందో తెలియదు. 2019 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టు, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా మనిషి మీద నిజాయితీ లేనివాడన్న ముద్ర వేయడం కుదరదని హోం ఆఫీస్‌ను మందలించింది.

లోన్ చార్జ్ బాధితులు మాత్రం సంఘం కట్టారు, ఎంపీల చుట్టూ తిరిగారు. కొందరు ఇళ్లు అమ్మారు. పన్ను కట్టినా అప్పు అప్పుగానే మిగిలింది. ట్రస్టుల నుంచి ఆ అప్పు పత్రాలు కొనుక్కున్న సంస్థలు, మా అప్పు తీర్చండంటూ కొందరికి నోటీసులు పంపాయి. ఈ పన్నుతో ముడిపడిన పది ఆత్మహత్యలను పన్ను శాఖే పోలీసు ఫిర్యాదుల పర్యవేక్షణ సంస్థకు నివేదించింది.

2019 సెప్టెంబర్‌లో ప్రభుత్వం సర్ ఏమియస్ మోర్స్‌తో సమీక్ష వేయించింది. ఆయన అంతకుముందు నేషనల్ ఆడిట్ ఆఫీస్ అధిపతి, మన కాగ్ లాంటి పదవి. డిసెంబర్‌లో వచ్చిన నివేదిక ఒక గీత గీసింది. 2010 డిసెంబర్ 9కి ముందు చట్టం స్పష్టంగా లేదు గనక ఆ అప్పులను వదిలేయాలి. ఆ తర్వాతి వాటిలో కూడా అన్నీ వెల్లడించినా శాఖ కదలని సంవత్సరాలను వదిలేయాలి. మిగిలిన దాన్ని మూడేళ్ల మీద పరవాలి. ఇరవై సిఫారసుల్లో పందొమ్మిది ఒప్పుకున్నారు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు పదేళ్ల తర్వాత మిగిలిన బాకీ రద్దు చేయాలన్నదాన్ని మాత్రం కొట్టేశారు.

స్కీమ్ అమ్మినవాళ్ల మాటేమిటంటే, పన్ను తప్పించే పథకం అమ్మడం దానికదే నేరం కాదు. కంపెనీ మూసేసి వేరే పేరుతో తెరిచేవారు. ఆపమన్నాక కూడా అమ్మితే నేరమనే చట్టం 2024కి గానీ రాలేదు. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, తన దగ్గర పనిచేసిన కాంట్రాక్టర్లలో కూడా కొందరు ఈ స్కీమ్‌లు వాడారని పన్ను శాఖ తానే ఒప్పుకోవాల్సి వచ్చింది.

2024 బడ్జెట్‌లో కొత్త లేబర్ ప్రభుత్వం మరో సమీక్ష ప్రకటించింది. పన్ను శాఖలో పనిచేసి, తర్వాత పన్ను సలహాదారుల సంస్థకు అధ్యక్షుడైన రే మెక్‌కాన్‌కు 2025 జనవరిలో అప్పగించారు. ఆ ఏడాది నవంబర్ బడ్జెట్‌తోపాటు వచ్చిన నివేదిక బాకీలను గణనీయంగా తగ్గించి, ప్రమోటర్లకు కట్టిన ఫీజును కూడా లెక్కలోకి తీసుకుని కొత్త సెటిల్‌మెంట్ ఇవ్వమంది. ప్రభుత్వం దాదాపు అన్నీ ఒప్పుకుని, అందరికీ మరో 5 వేల పౌండ్లు తగ్గిస్తామంది. అయితే ఆ సమీక్ష పరిధి ఇంకా సెటిల్ చేసుకోనివాళ్ల వరకే. భయపడి ఇల్లు అమ్మి ముందే కట్టేసినవాళ్లకు అందులో చోటు లేదు.

అంబ్రెల్లా కంపెనీ కోయాల్సిన పన్ను ఎగ్గొడితే కాంట్రాక్టర్‌ను సరఫరా చేసిన ఏజెన్సీ, ఏజెన్సీ లేకపోతే పని చేయించుకున్న కంపెనీ కట్టాలన్న నిబంధన 2026 ఏప్రిల్ 6 నుంచి అమలుకు పెట్టారు. ఐఆర్ 35 పత్రికా ప్రకటన వెలువడిన ఇరవై ఏడేళ్లకు.